మా ఇంటి పైలట్

పోయిన నెల ఒక పొద్దుగాల నలుగురు మనుషులు ఆదిలాబాద్‌ల మా ఇంటికి వచ్చిండ్రు. రిటైరైన తెలుగు పంతులు ఇంటికి నలుగురు కలిసి వచ్చిండ్రంటే రెండే కారణాలు. చందాకన్న రావాలె, సభకు అధ్యక్షత వహించుమననీకన్న రావాలె. చందా అయితే వాకిట్లనే నిలబడతరు, సభ అయితే లోపలికొచ్చి కూసుంటరు. వీళ్లు కూసున్నరు. ఉట్నూరు దిక్కు గోండు పిల్ల ఒకామె, జంగుబాయి అని, విమానం నడిపే లైసెన్సు తీసుకొని ఒక పెద్ద విమానాల కంపెనీల కో-పైలట్‌గ చేరిందట. ఆమెకు సన్మానమట. "సార్, స్త్రీల గురించి, గిరిజనుల గురించి మీ అంత మంచిగ మాట్లాడేటోళ్లు ఈ జిల్లాల లేరు" అన్నడు అందుల పెద్దాయన. నిజమే. నేను స్త్రీని గాదు, గిరిజనుడిని గాదు, విమానం దగ్గరికి పోతే కడుపుల తిప్పే మనిషిని. మాట్లాడనీకి ఏం అడ్డం లేదు. ఒప్పుకున్న.

అప్పుడు మా కమలక్క మా ఇంట్లనే ఉన్నది. నాకంటె ఏడాదిన్నర పెద్ద. యాడాదికోసారి హుజూరాబాద్ నుంచి వచ్చి పదిహేను దినాలు నా కాడ ఉండి, నా వంటింటిని సర్ది, నా మందులను తిట్టి పోవుడు ఆమెకు అలవాటు. వాళ్లు పోయినంక అర్ర లోపల్నుంచి వచ్చి నవ్వింది. "పైలట్ కాడికే వచ్చిండ్రు పైలట్‌కు సన్మానం చేయుమని. మంచి మనిషినే ఎతికి పట్టుకున్నరు" అన్నది. తర్వాత, "నేను గూడ వస్త. ఆ పిల్లను చూడాలె" అన్నది. సభలంటే ఆమడ దూరం ఉండే మనిషి అట్లనుడు నాకు నచ్చలే. ఎందుకు నచ్చలేదో చెప్పాల్నంటె నేను చిన్ననాడు చేసిన ఒక పని చెప్పాలె. ఇన్నేండ్లల్ల నేను శానా రాసిన, అది మాత్రం రాయలే.

మా సొంతూర్లె ఇప్పటికీ నా పేరు పైలట్. నేను ముప్పై ఏండ్లు సంధులు, సమాసాలు చెప్పిన సంగతి వాళ్లకు పట్టలే. హుజూరాబాద్‌కు నాలుగు కోసుల దూరం మా ఊరు. యాసంగిల మా ఇంట్లకు అడుగుపెట్టిన చుట్టం ముందు తుమ్మేటోడు, తర్వాత దండం పెట్టేటోడు. ఇంటెనుక కల్లంల మిర్చి ఎండబోసి ఉండేది గద, ఆ ఘాటు బియ్యానికి పట్టేది, బట్టలకు పట్టేది, ఆఖరికి చాయ్‌ల గూడ తెలిసేది. పేపర్ కరీంనగర్ నుంచి మధ్యాహ్నం బస్సుకు వచ్చేది. బాపు బువ్వ తిని, ఆకు వక్క ఏసుకొని, అరుగు మీద కూసొని మొదటి పేజీ నుంచి పైకి చదివేటోడు. అవ్వ, అంటె మా అమ్మ, బియ్యంల రాళ్లు ఏరుకుంట, అక్క మిర్చికాయల తొడిమలు తీసుకుంట ఇనేటోళ్లు. అక్కకు చదువు రాక గాదు. నాకంటె మంచిగ వచ్చు. గని ఒక ఇంట్ల ఒక పేపర్‌ను ఇద్దరు చదువుడు దండుగ అని బాపు అభిప్రాయం. ఆయన చదివింది వార్త, విడిచిపెట్టింది వార్త గాదు. సినిమా బొమ్మలు విడిచిపెట్టేటోడు, సబ్బుల అడ్వర్టయిజ్‌మెంట్లు విడిచిపెట్టేటోడు, ఆడోళ్ల గురించి ఏమన్న ఉంటె గొంతు సవరించుకొని పేజీ తిప్పేటోడు. ఆయన చదివినంక పేపర్ నా చేతికి వచ్చేది, నేను మగపిల్లగాన్ని గనుక. నా తర్వాత అది తొక్కు జాడీ కిందికి పోయేది.

మిర్చి ఏరే దినాలల్ల బడి పిల్లలం గూడ చేనుకు పోయేటోళ్లం. మనిషికో సాలు. పండిన కాయ తెంపాలె, పచ్చికాయ విడిచిపెట్టాలె. ఇది మూడేండ్ల పిల్లలు గూడ చేసే పని, నాకు మాత్రం చేతకాలే. నా గంపల పచ్చికాయలు సగం, పండుకాయలు సగం. కూలీలు నవ్వేటోళ్లు. కమలక్క ఎప్పుడు చూసినా నా పక్క సాలే పట్టేది. తన గంప నింపుకుంట, నా గంపల పచ్చికాయలు ఏరి కొంగుల దాచి, ఎర్రకాయలు నా దాంట్ల ఏసేది. బడిల మ్యాపులకు రంగులు ఏయాల్నంటె, నా పెన్సిళ్ల మొదట్ల బ్లేడుతోని 'ఎ', 'ప' అని గీకి ఇచ్చింది. నాకు రంగులు తెలుస్తలేవన్న సంగతి ఆమెకొక్కదానికే తెలుసు. అదొక జబ్బని ఆమెకూ తెలువది, నాకూ తెలువది. నేను జర మొద్దునేమో, పది మందిల పరువు పోతదేమో అని ఆమె ఫికర్.

బాపుకు మాత్రం ఇంకో లెక్క ఉండె. ఆడపిల్ల తప్పు చేస్తె అది తప్పు. మగపిల్లగాడు తప్పు చేస్తె అది లక్షణం. "ఎర్రకాయ తెమ్మంటె పచ్చికాయ తెచ్చిండంటె వాని మనసు ఈడ లేదు, ఎక్కడ్నో పైన తిరుగుతున్నది" అనేటోడు వచ్చినోళ్లతోని. నేను చెట్టెక్కకపోతె, వీడు కిందిస్థాయి పనులు చేయడు అనేటోడు. ఇంటర్‌ల ఒకసారి తప్పిన. తప్పితె, లోతుగ చదువుతుండు అందుకే ఆలస్యం అన్నడు. అప్పుడు నాకు తోడుగ ఉండాల్నని అక్కను గూడ హుజూరాబాద్ కాలేజీకి తోలిండు. పొద్దున్నే నన్ను లేపనీకి, టిఫిన్ డబ్బా మోయనీకి, లెక్కలు చెప్పనీకి ఒక మనిషి కావాలె గద. అట్ల మా ఊర్లె లెక్కలు, ఫిజిక్సు చదివిన మొదటి ఆడపిల్ల నా టిఫిన్ పుణ్యాన తయారైంది. ఆ ఏడు కాలేజీల ఆమెకే ఎక్కువ మార్కులు వచ్చినయి. బాపు నా మార్కుల కాగితం మాత్రం పటం కట్టిచ్చిండు.

ఆ ఎండకాలమే పేపర్ల ఆ ప్రకటన వచ్చింది. పల్లెటూరి పిల్లలకు సర్కారు ఖర్చుతోని విమానం నడుపుడు నేర్పిస్తరట. లెక్కలు, ఫిజిక్సుతోని ఇంటర్ పాసై ఉండాలె. బాపు రెండుసార్లు చదివిండు, మూడోసారి ఎదురింటోళ్లకు ఇనపడేటట్టు చదివిండు. "ఏమే, ఇన్నవా? వీని మనసు పైన తిరుగుతున్నదని నేను అనలే?" అన్నడు అవ్వతోని. అవ్వకు భయమై, "అంత పైకెందుకు, బస్సు తోలితె సాలదా?" అన్నది. పొద్దుగూకంగ పేపర్ నా చేతికి వచ్చింది. చూస్తె, ప్రకటన అడుగున ఒక లైను ఉన్నది, బాపు చదవని లైను. స్త్రీలు కూడా అర్హులే అని.

అక్క దరఖాస్తు పెడితె అక్కకే వస్తది. దాంట్ల నాకు ఇసుమంత అనుమానం లేకుండె. అప్పటికి రెండు గంటల నుంచే నేను పైలట్‌ను, ఎదురింటి పిల్లలు అప్పుడే నన్ను అట్ల పిలుస్తుండ్రు, ఆ పిలుపు నాకు మస్తు రుచిగ ఉన్నది. బాపు ప్రకటనను కోసి గోడకు అంటించుమన్నడు. నేను బ్లేడు తీసుకొని కోసిన. అడుగు లైనుకు పైనుంచి కోసిన. చెయ్యి జారి గాదు, స్కేలు పెట్టుకొని కోసిన. మిగిలిన ముక్కను పొయ్యిల ఏసిన. గోడ మీద క్యాలెండర్ పక్కన ఆ ప్రకటన శానా దినాలు ఉండె, మగపిల్లల ప్రకటన అయి.

బాపు ఏది తెప్పిచ్చినా రెండు తెప్పిచ్చేటోడు, ఒకటి ఖరాబైతె ఇంకోటి ఉంటదని. ఫారాలు గూడ జాబు రాసి రెండు తెప్పిచ్చిండు. నా రాత కోడి గీకినట్టు ఉంటదని, అక్కను నింపుమన్నడు. మల్లెమొగ్గల అసొంటి రాత ఆమెది. నేను మంచంల పండుకొని జవాబులు చెప్పుకుంట పోయిన, ఆమె పీట మీద కూసొని రాసుకుంట పోయింది. ఒక కాడ ఆగి, "చూపుల లోపం ఏమన్న ఉన్నదా అని అడుగుతుండ్రు. ఏం రాయాలెరా?" అన్నది. "లేదని రాయి" అన్న. ఆమె నా దిక్కు ఒకసారి చూసి, రాసింది.

పిలుపు వచ్చింది. హైదరాబాద్‌కు ముగ్గురం పోయినం. నాకు హోటల్ తిండి పడదని వండి పెట్టనీకి అక్కను తోలుకొచ్చిండు బాపు. ఇంటర్వ్యూ కాడ నాతోని కూసున్న పోరగాళ్లందరు బూట్ల పోరగాళ్లు, ఇంగ్లీషు బడుల పోరగాళ్లు, సగం మంది తండ్రులు ఆఫీసర్లు. ఒకరి పేరును ఇంకొకరు ముందే ఎరుగుదురు. లోపల ముగ్గురు పెద్దమనుషులు. "ఎక్కడి నుంచి వచ్చావు?" అన్నడు ఒకాయన. "హుజూరాబాద్ కెళ్లి వచ్చిన సార్" అన్న. "కెళ్లి వచ్చిన" అని ఆయన పక్కాయనకు నా మాట మల్ల చెప్పి మురిసిండు. "ఎర్రబస్సు దిగి వచ్చాడండీ, ఎయిర్ బస్సు ఎక్కుతాడట" అన్నడు పక్కాయన. ముగ్గురు నవ్విండ్రు. నాకు కడుపు మండింది, గని అంతకంటె ఎక్కువ ఆశ్చర్యమైంది. మా బస్సు ఎర్రగ ఉంటదని నాకు ఆ దినమే తెలిసింది. అయినా పల్లె పోరగాళ్లను కొందరిని తీసుకోవాల్నని రూలు ఉన్నదేమో, నన్ను డాక్టరు కాడికి తోలిండ్రు.

డాక్టరు ముసలాయన, మంచోడు. ఎత్తు చూసిండు, గుండె చూసిండు, తర్వాత ఒక పుస్తకం తెరిచిండు. పేజీ నిండ చిన్న చిన్న రంగు చుక్కలు. చుక్కల నడుమ ఒక అంకె ఉంటదట, అది చెప్పాలె. నేను ధైర్యంగ "ఇరవై ఒకటి" అన్న. దర్వాజ కాడ నిలబడ్డ బాపు తట్టుకోలేక, "డెబ్బై నాలుగురా! కండ్లు పెట్టి చూడు!" అని కేక ఏసిండు. డాక్టరు పేజీ తిప్పిండు. ఈసారి నాకు అంకెనే కనపడలే, ఉత్త చుక్కలు. ఇంకో పేజీ, ఇంకో పేజీ. "ఇతనికి ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియదు. పుట్టుకతోనే ఉంది. విమానం నడపడానికి పనికిరాడు" అన్నడు. బాపు మొఖం మాడిపోయింది. "పుస్తకం ఖరాబై ఉంటది సార్, జర ఇంకో పుస్తకం చూడుండ్రి" అన్నడు. డాక్టరు నవ్వి, టిఫిన్ డబ్బా పట్టుకొని మూలకు నిలబడ్డ అక్కను పిలిచి, "అమ్మా, నువ్వు చదువు" అన్నడు. అక్క డబ్బా కింద పెట్టి, కొంగుతోని చేతులు తుడుచుకొని, మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాక ఎక్కడా ఆగకుండ చదివింది. డాక్టరు అట్లనే ఆమె కండ్లు, ఆమె గుండె గూడ చూసిండు, ఎందుకో మరి, సరదాకే అయి ఉంటది. "పుస్తకం బాగానే ఉంది. పైలట్ కళ్లంటే ఈ అమ్మాయివి" అన్నడు. బాపు నవ్విండు, "దానికెందుకు సార్ అవి?" అన్నడు.

ఆ లోపం తల్లి దిక్కు నుంచి వస్తదని, ఆడోళ్లు మోస్తరు గని వాళ్లకు బయటపడదని, మగోళ్లకే బయటపడతదని డాక్టరు చెప్పి పంపిండు. పాపం ఆయన శాస్త్రం చెప్పిండు, బాపుకు అది ఆయుధమైంది. ఇంటికొచ్చినంక యాడాది పొడుగుత అవ్వను, "మీ పుట్టింటోళ్లు పెట్టిన సొమ్ము ఇదేనా?" అని దెప్పిండు. అవ్వ మూడు నెలలు నాకు పొన్నగంటి కూర పెట్టింది, కండ్లకు మంచిదని. పప్పుల పొన్నగంటి, ఇగురుల పొన్నగంటి, ఆఖరికి రొట్టెల గూడ. నాకు ఆ ఆకు ఆకుపచ్చగ కనపడలే, మిగతా ఊరికి నేను పైలట్‌గనే కనపడ్డ. మరుసటేడు అక్క పెండ్లయింది. బావ పన్నెండేండ్లు దుబాయ్‌ల ఉంటె పొలం, మోటరు, అత్తమామలు, పిల్లల చదువులు అన్ని ఒక్కతే నడిపింది. విమానాన్ని మాత్రం బావను తోలనీకి పోయినప్పుడల్ల అద్దాల అవుతల నుంచి చూసేది. నేను తెలుగు ఎమ్మే చేసి పంతులునైన. స్త్రీల గురించి వ్యాసాలు రాసుడు మొదలుపెట్టిన. అవి మంచిగనే రాసిన, అబద్ధం చెప్పొద్దు.

ఇగ సన్మానం. ఇప్పటి కాలం శానా మారిందని నేను చెప్పబోయిన దినం, వేదిక మీద తొమ్మిది మంది మగోళ్లం కూసున్నం. జంగుబాయికి ఆ మూలకు ప్లాస్టిక్ కుర్చీ. బ్యానర్ మీద నాయకుల మొఖాలు చాటంత, ఆమె మొఖం రూపాయి బిళ్లంత. ఒకాయన ఆమెను ఆకాశంల సగం అన్నడు, ఇంకొకాయన అడవి బిడ్డ అన్నడు, మూడో ఆయన పెండ్లెప్పుడమ్మా అన్నడు. అందరం అరగంట అరగంట మాట్లాడినం. నేను మిర్చికాయల కథ చెప్పిన, చుక్కల పుస్తకం కథ చెప్పిన, నా మీద నేనే జోకులు ఏసుకున్న. అక్కకు నాకంటె ఎక్కువ మార్కులు వచ్చింది, డాక్టరు ఆమెను మెచ్చుకున్నది గూడ చెప్పి, ముందు వరుసల ఉన్న అక్కను చూపిచ్చి చప్పట్లు కొట్టిచ్చిన. ప్రకటన అడుగు లైను సంగతి చెప్పలే.

ఆఖరికి జంగుబాయికి మైకు ఇచ్చి, రెండు నిమిషాలమ్మా అన్నరు. సన్నటి పిల్ల, గొంతు మాత్రం గట్టిది. "మా బ్యాచ్‌ల మా దిక్కు మనిషిని నేనొక్కదాన్నే. ఇంటిపేరు చూసి నాతోని మరాఠీల మాట్లాడుతరు, మొఖం చూసి హిందీల మాట్లాడుతరు, గోండుల ఎవ్వరు మాట్లాడరు. పేరు జర చిన్నగ చేసుకోరాదా అన్నరు. చేసుకోలే. విమానంల 'నేను జంగుబాయిని' అని చెప్పంగనే ఎనుక కొందరు నవ్వుడు ఇనపడతది. ఒకసారి నేను, కెప్టెన్ మేడం ఇద్దరం ఆడోళ్లమే ఉన్నం. దిగేటప్పుడు ఒక తాత మా ఇద్దర్ని చూసి, మా ఎనుక ఎవరన్న మగమనిషి ఉన్నడేమోనని తలకాయ లోపలికి పెట్టి ఎతికిండు" అన్నది. సభ మొత్తం నవ్వింది. అక్క అందరికంటె గట్టిగ నవ్వింది. అప్పుడు ఆ పిల్ల నా దిక్కు మర్లింది. "సారూ, ఆ చుక్కల పుస్తకం నాకు గూడ చూపిచ్చిండ్రు. ఒకటి అడుగుత, ఏమనుకోవద్దు. ముందట కూసున్న ఈ అమ్మ అన్ని అంకెలు చెప్పింది గద, చదువు గూడ మీ అంతనే ఉండె గద. మరి అమ్మ ఎందుకు అప్లయ్ చేయలే?"

నేను మైకు అందుకొని, "ఆ కాలంల ఆడపిల్లలకు ఆ అవకాశం లేకుండెనమ్మా" అన్న. పంతులు గొంతు, తొణకలే బెణకలే. "అందుకే ఇప్పటి కాలం గొప్పది" అని గూడ కలిపిన. చప్పట్లు కొట్టిండ్రు. అక్క కొట్టలే.

ఇంటికొచ్చినంక ఆమె కుర్చీల కూసొని మోకాళ్లు ఒత్తుకుంటున్నది. నేను మెడల శాలువా తీయకుండనే ఎదురుంగ నిలబడ్డ. డెబ్బై దాటిన మనిషిని, బడిపిల్లగాని లెక్క చేతులు కట్టుకున్న. "అక్కా, ఆ పిల్లకు నేను అబద్ధం చెప్పిన. అవకాశం ఉండె. ఆడోళ్లు గూడ అర్హులే అని పేపర్ల రాసిండ్రు. బాపు చదవలే, నేను చదివిన. నీకు తెలువొద్దని ఆ లైను కోసి పొయ్యిల ఏసింది నేనే" అన్న.

"నాకు తెలుసు తీయిరా" అన్నది.

"ఎట్ల తెలుసు?"

"ఫారం నింపింది నేను గాదా? పురుషుడు, స్త్రీ అని రెండు రాసి, అక్కర లేంది కొట్టేయుమని ఉండె. నీ దాంట్ల కొట్టేసింది నేనే."

ఇన్నేండ్లు నేను దాచింది ఆమె కండ్ల ముందరనే ఉన్నదన్నమాట. సిగ్గయింది, సిగ్గుతోని కోపం గూడ వచ్చింది, ఆమె మీదనే. "మరి తెలిసి ఎందుకు ఊకున్నవు? బాపును అడగకపోతివి, నన్నన్న అడగకపోతివి!"

ఆమె మోకాలి మీద చెయ్యి తీసి నా మొఖం చూసింది. కోపం లేదు ఆ చూపుల, ఉంటె బాగుండునేమో.

"రెండో ఫారంల నా పేరు రాసి పెట్టినరా. అన్ని నింపిన, బాపు సంతకం ఒక్కటే తక్కువుండె. అరుగు మీద బాపు కూసునే కాడ నాలుగు దినాలు పెట్టిన, ఎగిరిపోకుండ రాయి పెట్టి. ఇదేందని ఎవరన్న అడుగుతరేమో, అడిగితె నాదని చెప్దామని. బాపు రెండుసార్లు పక్కకు జరిపి కూసున్నడు. అయిదో దినం నువ్వు దాని మీద చాయ్ గ్లాసు పెట్టినవు."

ఇంత యాది పెట్టుకొని రాసిన. ఆ గ్లాసు మాత్రం నాకు యాదికి లేదు.